బండిలోని పసుపుదీపము

గ్యాసుపొయ్యి, కుట్టుమిషను, నీళ్ళమోటారు మున్నగువాని బాగోగులను ఈ శీర్షికలో ముచ్చటించుట మనకు పరిపాటి. ఈ మాసము కారును గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. మా వారాసిగూడ యిరుకుసందులలో గూడ నేడు పెక్కిండ్ల ముంగిట చిన్నకారులు నిలిచియున్నవి. వానిని నడుపువారిలో స్త్రీలు కొద్దిమంది కారు. పిల్లలను బడికి దింపుట, పెద్దలను వైద్యశాలకు గొనిపోవుట తరచుగా మన వంతే. అయినను యంత్రపు బొమ్మగల పసుపుదీపము వెలుగగనే "వారు వచ్చి చూతురులే" యని యూరకుండువారు కొందఱు. మెకానిక్కు అడిగిన మొత్తము లెక్కించి యిచ్చి వచ్చువారు కొందఱు. రెండును తగవని మా యభిప్రాయము.

దీపము వెలుగుటకు కారణములు పెక్కులు. అందు మిక్కిలి తికమక పెట్టునట్టిది పలుచని మిశ్రమము. దీనినే మెకానిక్కులు "లీను" అందురు. పొయ్యి మంటను మీరు చూచియే యుందురు. గాలి చాలనిచో మంట పసుపువన్నెకు తిరిగి గిన్నెకు మసి పట్టును. గాలి మిక్కుటమైనచో మంట బర్నరును విడిచి యెగిరిపడుచు బుస్సుమనును. ఇంజనులోని సంగతియు నిట్టిదే. ఒక పాలు పెట్రోలు చక్కగా కాలుటకు తూకమున సుమారు 14.7 పాళ్ళ గాలి వలయును. గాలి యంతకు మించినను, పెట్రోలు తగ్గినను మిశ్రమము పలుచనగును. అప్పుడు బండి తార్నాక కూడలిలో నిలిచినపుడు వణకును. అడిక్‌మెట్ వంతెన యెక్కునపుడు ఈడ్వలేక తడబడును. ఉదయమున స్టార్టగుటకు మొరాయించును.

ఈ కొఱత యంత్రమునకు తెలియు విధము చిత్రమైనది. పొగగొట్టములో జిర్కోనియా యను పింగాణివంటి పదార్థముతో చేసిన ఆక్సిజను సెన్సారు అమర్చియుండును. జర్మనీ దేశపు బాష్ సంస్థ చేసిన యీ పరికరమును 1976లో తొలుత వోల్వో కారులలో వాడిరి. పొగలో ఆక్సిజను మిగిలియున్నచో, అనగా మిశ్రమము పలుచనైనచో, పాతరీతి సెన్సారు 0.1 వోల్టు ప్రాంతమును, చిక్కనైనచో 0.9 ప్రాంతమును చూపును. దానిని బట్టి బండిలోని కంప్యూటరు పెట్రోలును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఈ సవరింపునకు ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు. ఎంత హెచ్చించినను పలుచదనము తీరక, సవరింపు నూటికి 20, 25 పాళ్ళ ప్రాంతమునకు చేరినపుడు అది తన యశక్తతను దీపముతో తెల్పి, పీ0171 అను సంఖ్యను జ్ఞాపకములో వ్రాసికొనును. మన దేశమున 2013 ఏప్రిలు నుండి కొత్తకారులకు రెండవతరపు ఓబీడీ యను స్వయంపరీక్షా యేర్పాటు విధిగా వచ్చినది.

ఇక మా సంగతి. మా మామగారికి వారమునకు రెండుమారులు రక్తశుద్ధి చేయింపవలయును. నడిదారిలో బండి యాగుట మాకు చిన్నమాట గాదు. దీపము వెలిగిన మరునాడే యొక పెద్ద మరమ్మతుశాలకు గొనిపోతిమి. అచ్చటివారు సంఖ్యను మాత్రము చదివి, "ఆక్సిజను సెన్సారు పోయినదమ్మా, మార్చవలయును" అని కొన్నివేల రూపాయల చీటీ వ్రాసిరి. పలుచదనమును కనుగొని చెప్పినది ఆ సెన్సారే గదా! బియ్యము తక్కువ తూగెనని త్రాసును పారవేయుదుమా? సెన్సారు చెడుట లేకపోలేదు. కాని చెడినదని చూపిన పిమ్మటనే మార్చవలయును. నలమహారాజు ఋతుపర్ణుని లెక్కను విన్నంతనే నమ్మక, తాండ్రచెట్టును కూల్చి యెంచి చూచెను. మనము చెట్టు కూల్చ నక్కఱలేదు; అంకె చూపుమనిన చాలును. వారు చూపలేదు. బండిని తిరిగి తెచ్చుకొంటిమి.

పొరుగింటి పిల్లవాడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువుచున్నాడు. అతనియొద్ద స్టీరింగు క్రింది సాకెట్టులో గుచ్చి ఫోనులో చదువుకొను చిన్న పరికరము గలదు. బండి నిలిచియుండగా సవరింపు 24. యంత్రమును నిమిషమునకు 2500 చుట్ల వేగమున నుంచగా 6. ఇదియే గుట్టు. చిన్న చీలికగుండ దొంగగాలి చొరబడుచున్నచో, యంత్రము కొద్దిగాలి పీల్చునపుడు దాని పాలు హెచ్చు. మిక్కిలిగా పీల్చునపుడు స్వల్పము. అట్లుగాక వేగమును భారమును హెచ్చినకొలది సవరింపు పెరిగినచో, పెట్రోలు పంపు నీరసించెననియో, ఫిల్టరో ఇంజెక్టరో పూడినదనియో అనుమానింపవలయును. (మా బండిలో గాలిని కొలుచు పరికరమున్నది. గొట్టములోని పీడనమును బట్టి గాలిని లెక్కించు బండ్లలో ఈ గుర్తులు కొంత మారును.)

సీతాఫల్‌మండి వైపు చిన్నషెడ్డులోని మెకానిక్కు ఈ యంకెలు చూచి తల యూపి, గాలిగొట్టములోనికి యంత్రముతో పొగ నూదెను. రబ్బరుగొట్టపు మడతలోనుండి సన్నని పొగ బయల్వెడలెను. ఎండలకు రబ్బరు బిఱుసెక్కి చీలినది. గొట్టమునకును కూలికిని వేయి రూపాయలు దాటలేదు. సంఖ్యను చెరిపి రెండురోజులు నడిపిన పిమ్మట సవరింపు 3కు దిగినది. కొందఱు చీలికను వెదకుటకు వేడియింజనుపై కార్బురేటరు క్లీనరు చిమ్ముదురు. అది భగ్గున నంటుకొనును. ఫోనులో చూచి యట్టి పని చేయకుడు.

పెట్రోలులో కలుపు ఇథనాలును గూర్చియు అడుగువారున్నారు. 2025లో దేశమున ఇథనాలు పాలు నూటికి 20కి చేరినది. ఇథనాలులోనే ఆక్సిజనుండుటచే అది కాలుటకు సుమారు 9 పాళ్ళ గాలియే చాలును. ఇరువదిపాళ్ళ మిశ్రమమునకు పదుమూడున్నర. కావున మునుపటి కొలత పెట్రోలే పోసినచో కొంత పలుచనగును. బాగుగానున్న బండి కంప్యూటరు దీనిని తానే సరిదిద్దుకొనును. ముందే సన్నని చీలికయున్న బండిలో మాత్రము ఈ కొద్దిపాటి భారము దీపమును వెలిగింపవచ్చును.

బ్యాటరీ తీగ నూడదీసి దీపము నార్పువారున్నారు. దానివలన వ్రాసియున్న సంఖ్య పోవును, చీలిక పోదు. మెకానిక్కునకు ఆధారము నశించును. దీపము నిలకడగా వెలుగుచు బండి మామూలుగా నడచుచున్నచో, వేగము తగ్గించి ఆ వారములో చూపింపుడు. దీపము మినుకుమినుకుమని కొట్టుకొనుచున్నచో పెట్రోలు సరిగా రగులక పొగగొట్టములోనికి పోయి, అచ్చటి కెటలిటిక్ కన్వర్టరును మాడ్చుచున్నదని యర్థము. అప్పుడు బండిని ప్రక్కన నిలిపి, యంత్రము నార్పి, పెద్దలను పిల్లలను ఆటోలో నెక్కించి పంపుడు.