ఏటి యొడ్డున ఈతరాని బిడ్డలు

కార్తీకము వచ్చినదనిన అమరావతి రేవు కన్నులపండువుగ నుండును. గుంటూరు, సత్తెనపల్లి, నరసరావుపేట ప్రాంతముల ప్రత్తిచేల పల్లెలవారును, మిరపతోటల పల్లెలవారును బస్సులలోను ట్రాక్టరులలోను వచ్చి, కృష్ణలో మునిగి, అమరేశ్వరుని సేవించుకొని పోవుదురు. ఆ జనసమూహము నడుమ నిలిచి మా పాఠకులు ఒక్క ప్రశ్న వేసి చూడవలయునని కోరుచున్నాము. మెట్లమీద ఆడుకొను ఈ బిడ్డలలో ఈత వచ్చినవారెందరు? తెడ్డు పట్టనేర్చినవారెందరు? చేతులెత్తుడని యడిగినచో ఎన్ని చేతులు లేచును?

పండుగనాడు ఇట్టి ప్రశ్న యేల యని కొందరనవచ్చును. కాని పండుగనాడే గదా ఏరు మనలను పరీక్షించుచున్నది! 2017వ సంవత్సరము నవంబరు 12వ తేది కార్తీక ఆదివారము. ఇబ్రహీంపట్నము చెంత, గోదావరి జలములు కృష్ణలో కలియు పవిత్ర సంగమమునొద్ద, హారతి చూడబోవుచున్న యాత్రికుల పడవ తలక్రిందయ్యెను. 20 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఒంగోలు పట్టణమువారు. పడవకు అనుమతి లేదు. ఎక్కినవారు పరిమితికి మించిరి. ప్రాణరక్షక చొక్కాలు ఒడలిపై లేవు. రెండేండ్లు తిరుగక మునుపే, 2019 సెప్టెంబరు 15న, గోదావరిపై కచ్చులూరుకడ మరియొక విహారపు పడవ మునిగెను. 70 మందికి పైగా ఎక్కిన యా పడవనుండి 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. వారిని మొదట ఆదుకొన్నవారు చెంతనున్న పల్లెలనుండి తమ చిన్న పడవలతో పరుగెత్తివచ్చిన గ్రామస్థులు. 2021 డిసెంబరు 10న అమరావతికి ఎగువన మాదిపాడు రేవున స్నానమునకు దిగిన వేదవిద్యార్థులు ఐదుగురును, వారి గురువొకరును కృష్ణలో మునిగిపోయిరి. మంత్రము నేర్చిన బిడ్డలకు ఏరు నేర్పినవారు లేకపోయిరి.

ఇట్టి యాపద వచ్చినపు డెల్ల మనము చేయుచున్న దేమి? విచారణకు ఉత్తరువు, పరిహారమునకు ప్రకటన, రేవునకు తాళము, గట్టుమీద ‘ప్రమాదము’ అని ఒక పలక. కొన్నాళ్ళకు వాన ఆ పలకమీది అక్షరములను కడిగివేయును; తాళము తుప్పుపట్టి ఊడిపోవును; జనులు మరల ఏటికి వత్తురు. రాక చేయునదేమి? ఏరు వారి తల్లి. తల్లిచెంతకు పోవలదని బిడ్డలను ఎన్నాళ్ళు ఆపగలరు? అధికారుల తనిఖీ వలదని మేము చెప్పుట లేదు. 1917 నాటి పాత చట్టమునకు మారుగా 2021లో వచ్చిన దేశీయ జలనౌకల చట్టము యంత్రపు పడవలకు నమోదును, తనిఖీని, నడుపువానికి అర్హతను విధించినది. అది అక్షరాల అమలు జరుగవలయును. కాని చట్టము పడవను కాపాడగలదేగాని పడవలోని మనుజుని తెలివిని కల్పింపజాలదు. పడవ నీటిలో ఎంత దిగియున్నదో ఒడ్డుననే కనిపెట్టి, “నేనీ పడవ ఎక్కను, నా వారిని ఎక్కనీయను” అని చెప్పగల యువకు డొక్కడు రేవున నిలిచిన, అతడు పది తనిఖీలపెట్టు. అట్టి యువకుని తయారుచేయు విద్య ఏది? ఈతయు, చిన్న పడవను స్వయముగ నడుపుటయు అని మా నిశ్చితాభిప్రాయము.

ఇది మన జాతికి క్రొత్త విద్య కాదు. అమరావతి ప్రక్కనే యున్న ధరణికోట శాతవాహనుల నాటి మహానగరము. 1960 తరువాతి సంవత్సరములలో అచట జరిగిన త్రవ్వకములలో ఓడరేవు కట్టడమును, దానికి చేరు కాలువయు బయల్పడినవి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు స్తంభముల ఓడ నేటికిని కానవచ్చుచున్నది. రాజు తన నాణెముపై ఓడను ముద్రింపించెననిన, ఆ జాతికి ఓడ యెంత నిత్యపరిచితమో ఊహింపుడు! ఇటీవలి తాతల కాలము వరకును కృష్ణా కాలువలమీద తెరచాప పడవలు ధాన్యమును, ఉప్పును మోయుచుండెను. రైలు వచ్చెను, లారీ వచ్చెను, వంతెన వచ్చెను, మేలే. కాని పడవతోపాటు పడవ తెలివియు పోయినది. వెనుకటి వైభవమును తలచి మీసము దువ్వుకొనుట మా యుద్దేశము కాదు. తాత ఓడ నడిపెనని చెప్పుకొను మనుమడు మోకాటిలోతు నీటిలో మునిగిపోవుట సిగ్గుమాలినతనము గాదా యని మాత్రమే అడుగుచున్నాము.

2018 నవంబరులో, సంగమపు దుర్ఘటన జరిగిన యేడాదికి, విజయవాడ కడ కృష్ణమీద యంత్రపు పడవల ప్రపంచ పందెములు మూడు దినములు జరిగినవి. దానికి అమరావతి పేరే పెట్టిరి. లక్షలాది కన్నులు ఆ వేగమును చూచి ముచ్చటపడినవి. చూచుట తప్పు కాదు. కాని పందెము ముగిసినది, విదేశపు పడవలు పెట్టెలలో కెక్కినవి, మన పిల్లలు గట్టుమీదనే మిగిలిరి. అట్టి సంరంభమున కగు వ్యయములో అల్పభాగముతోనే రేవు రేవునకు ఒక చిన్న పడవల బడి నిలుపవచ్చును.

యంత్రపు పడవ యుండగా తెరచాప యేల యని యడుగువారు కలరు. యంత్రము మనుజుని నీటికి దూరము చేయును. తెరచాప దగ్గర చేయును. కళ్ళములో మిరపకాయ ఆరబోసిన రైతు మబ్బు తునుక కానవచ్చినంతనే లేచి పట్టాలు సర్దుకొనును. అట్టి చూపు తెరచాప నేర్చిన పిల్లవానికి అలవడును. నీటిమీద నల్లని ముడుతలు పరుగెత్తివచ్చుచున్నచో గాలితెర వచ్చుచున్నదని అతడు ముందే గ్రహించును. నేరుగా ఎదురుగాలిలోనికి ఏ తెరచాప పడవయు పోజాలదు. గాలికి సుమారు 45 డిగ్రీల ఓరగా ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు మలుపుచు మెలిదారిని పోవలయును. ఈ ఒక్క పాఠములో ఎంత ఓర్పు, ఎంత లెక్క యిమిడియున్నది! పడమటిగాలి వీచునాడు అమరావతి రేవునుండి విజయవాడ వైపునకు పోవుట పసిపిల్లల యాట. గాలియు అటే, ప్రవాహమును అటే. తిరిగి వచ్చుటలోనే తెలియును. కావుననే నేర్పరులు మొదట ఎదురుగాలికిని, ఎదురునీటికిని పోయి, అలసినపుడు వాటి సాయముననే ఇల్లు చేరుదురు. ఇది పడవకే గాదు, సంసారమునకును పనికివచ్చు నీతి.

నేర్పు కంటె ముందు భద్రత. ఈ విషయమున మా మాటలు మొరటుగ నున్నను పాఠకులు సహింపవలయును. ఈత రానివానికి చుక్కాని ఇయ్యరాదు. ఈత వచ్చినవాడును ప్రాణరక్షక చొక్కా తొడిగి, కట్లు బిగించి గాని పడవ ఎక్కరాదు. కాలిక్రింద పెట్టుకొన్న చొక్కా మునిగినపు డక్కరకు రాదు. చిన్న పడవలో తెరచాప త్రాడు చేతిలోనే యుండవలయును, కొయ్యకు ముడివేయరాదు. గాలి హఠాత్తుగ కొట్టినపుడు త్రాడు వదలుటే రక్ష, బిగబట్టుట అపాయము. పడవ ఒరగినపుడు అందరును ఒక్క ప్రక్కకు ఉరుకరాదు. పడవ తలక్రిందైనచో దానిని విడిచి ఒడ్డునకు ఈదరాదు. తేలుచున్న పడవను పట్టుకొని యుండవలయును. ఒడ్డు దగ్గరగ తోచును, కాదు. పడవ దూరమునుండియు కానవచ్చును, మనుజుని తల కానరాదు. మునుగుచున్నవానిని చూచి తర్ఫీదు లేనివాడు దూకినయెడల ఒక శవమునకు రెండగును. గెడ చాపవలయును, త్రాడు విసరవలయును, ఖాళీ డబ్బా యైనను వేయవలయును. నేర్చుకొనువారు నీటిమీద నున్నంతసేపును ఒక కాపుపడవ వెంట నుండి తీరవలయును.

వీనికి తోడు కృష్ణకు తనవైన అపాయములు కలవు. ఇసుక త్రవ్విన గోతులు నీటిక్రింద కనబడవు. నిన్న మోకాటిలోతైన చోట నేడు నిలువులోతు. ఎగువన నాగార్జునసాగరము, పులిచింతల జలాశయము కలవు. అచట నీరు వదలినయెడల ఇచట ఆకాశము నిర్మలముగ నున్నను ఏరు పొంగును. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినపుడు, కట్లు తెగి కొట్టుకొనివచ్చిన పెద్ద పడవలు గేట్లను తాకి వాని కాంక్రీటు బరువులను పగులగొట్టినవి. పడవను గట్టిగ కట్టుటయు ఒక విద్యయే యని ఆ దినము ఆంధ్రదేశమంతయు చూచినది. కావున జలాశయపు అధికారులు నీరు వదలుటకు ముందు ప్రతి రేవునకు వర్తమానము చేరవలయును. ఆ వర్తమానము చేరని దినమున బడి పడవ నీటికి దిగరాదు.

ఇది సాధ్యమేనా? సాధ్యమని హైదరాబాదు చూపినది. హుస్సేన్ సాగరముమీద 2009లో నెలకొనిన యాచ్ క్లబ్బు బీద కుటుంబముల బాలబాలికలను చేరదీసి తెరచాప నేర్పగా, వారిలో కొందరు దేశపు పోటీలలో విజేతలైరి. తెరచాప ధనికుల వినోదమను మాట అచట అబద్ధమైనది. పిల్లలకు తగిన పడవయు ఉన్నది. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అను పడవల రూపశిల్పి చౌకపలకలతో చేయదగిన ‘ఆప్టిమిస్టు’ పడవను కల్పించెను. ఎనిమిది అడుగులకు కొంచెము తక్కువ పొడవు, 35 కిలోల బరువు, ఒకే తెరచాప. లోపల గాలిసంచు లుండుటచే తలక్రిందైనను మునుగదు. నేడు ప్రపంచమంతటను పదునైదేండ్ల లోపు పిల్లలు దానిమీదనే ఓనమాలు దిద్దుచున్నారు. మన వడ్రంగులు దీనిని చేయలేరా? 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, 2018 మే 21న భూమిని చుట్టివచ్చిన ‘తారిణి’ తెరచాప నావలోని ఆరుగురు నౌకాదళ వనితలలో ఇద్దరు, విశాఖపట్నపు స్వాతియు హైదరాబాదు ఐశ్వర్యయు, తెలుగు బిడ్డలు. ఆడపిల్లలకు నీటితో పనియేమి యనువారికి ఇంతకంటె సమాధానము వలదు.

గురువులకును కొరత లేదు. అమరావతి చుట్టుపట్ల రేవులలో తరతరములుగ ఏటిని చదివిన పల్లెకారులు కలరు. ఓడ ఎక్కునంతవరకు ఓడమల్లయ్య, ఓడ దిగినతోడనే బోడిమల్లయ్య యను సామెత వారియెడ మన ప్రవర్తనకే పుట్టినది కాబోలు! కచ్చులూరుకడ మునిగిన పడవను పైకి తీయుటకు నానావిధముల ప్రయత్నములు జరిగిన పిమ్మట, 2019 అక్టోబరులో దానిని వెలికి తీసినవారు కాకినాడ ధర్మాడి సత్యమును, అతని మనుష్యులును. ఏటి తెలివి పుస్తకములలో మాత్రమే లేదని దీనివలన తేలినది. ఆ పెద్దలకు గౌరవవేతన మిచ్చి ఆచార్యులుగ కూర్చుండబెట్టవలయును. వారి అనుభవమునకు ఎన్.సి.సి. నౌకావిభాగపు క్రమశిక్షణయు, వైద్యుల ప్రథమచికిత్సా పాఠమును తోడైనచో బడి పూర్తియగును. అమరావతి రేవున పది చిన్న పడవలు, రెండు కాపుపడవలు, ఒడ్డున తాళ్ళతో గుర్తులు కట్టిన ఈతస్థలము ఒకటి. మొదటి యేటికి ఇంతకంటె మేము కోరుట లేదు. వరద మాసములలో పడవలు కట్టివేసి ఒడ్డున ముడులును, గాలిపాఠములును చెప్పవలయును. నీరు నెమ్మదించిన చలికాలమున నీట దింపవలయును.

తలిదండ్రుల భయము మే మెరుగనిది కాదు. బిడ్డను కావలించుకొని నీటికి దూరముగ నుంచుటే ప్రేమ యని వారనుకొందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. 5 మొదలు 14 ఏండ్ల బాలబాలికల మరణకారణములలో ఇది మూడవది. బడియీడు పిల్లలకు ఈతయు, జలభద్రతయు, రక్షించు నేర్పును నేర్పుడని ఆ సంస్థయే చెప్పుచున్నది. నీటికి దూరముగ పెరిగిన బిడ్డ ఎన్నడో ఒకనాడు స్నేహితులతో, తల్లిదండ్రులు చూడని వేళ, తెలియని రేవున దిగును. ఆ దినమున మీ ప్రేమ కాపాడదు. నేర్పిన ఈత కాపాడును.

2015లో ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగినప్పటినుండి నదీతీర సౌందర్యమును గూర్చిన చిత్రపటములు ఎన్నియో చూచితిమి. వానిలో మేడలున్నవి, తోటలున్నవి, దీపములున్నవి. ఏటిని అద్దమువలె చూచుకొను నగరము మాకు వలదు. ఏటిని ఎరిగిన నగరము కావలయును. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు పెద్దలు తమ తమ గ్రామసభలలోను, పురపాలక సంఘములలోను, పాఠశాలల తలిదండ్రుల సమావేశములలోను ఈ ప్రసంగము తెచ్చి, వచ్చు కార్తీకమునకు ముందుగ తమ ఊరి బిడ్డలలో పదిమందికైనను ఈత నేర్పు పని తలపెట్టుదురుగాక. పడవల మాట అటుపిమ్మట. మరల కార్తీకము వచ్చును, మరల రేవు నిండును. మెట్లమీద నిలిచి మేము మరల ఆ ప్రశ్నయే అడుగుదుము. అప్పుడు కొన్ని చిన్న చేతులైనను పైకి లేవవలయునని మా కోరిక.