గుయ్‌మంటేనే గిటార్!

2024 అక్టోబర్. లండన్‌లోని బోన్‌హమ్స్ వేలంశాల. అమ్మకానికి ఓ గిటార్ వచ్చింది. చూస్తే పాత సామాన్లవాడు కూడా ముఖం చిట్లించేలా ఉంది. ఒంటిమీద రంగు చాలామటుకు లేచిపోయింది. లోపలి కర్ర బయటపడి, నల్లబడి, అక్కడక్కడా పెచ్చులూడి... మన ఇళ్లలో అయితే అటకెక్కాల్సిన సరుకు. వేలం ముగిసేసరికి కమీషన్లతో కలిపి దాని ధర 8,89,400 పౌండ్లయింది. మన డబ్బుల్లో తొమ్మిదిన్నర కోట్ల పైమాటే!

ఆ గిటార్ రోరీ గాలగర్‌ది. ఐర్లాండ్‌లోని కార్క్ పట్టణంలో పెరిగిన కుర్రాడు. 1963లో, పదిహేనేళ్ల వయసులో, ఊళ్లోని క్రౌలీ సంగీత వాద్యాల దుకాణంలో ఈ గిటార్‌ని చూసి మనసు పారేసుకున్నాడు. 1961లో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అది. సెకండ్‌హ్యాండ్‌ది. అయినా ధర 100 పౌండ్లు. అప్పటి మారకంలో మన రూ.1,333. ఆ ఇంటికి అది తలకు మించిన భారం. రోరీ వాయిదాల మీద కొన్నాడు. అసలు దాన్ని తెప్పించుకున్నది ఓ బ్యాండ్‌ వాద్యకారుడు. ఎర్రరంగుది కావాలంటే పసుపూ గోధుమా కలిసిన సన్‌బర్స్ట్ రంగుది వచ్చిందట. అందుకే దాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఐర్లాండ్‌లో అడుగుపెట్టిన మొట్టమొదటి స్ట్రాటోకాస్టర్ అదేనని చెబుతారు.

తర్వాత ఒకసారి డబ్లిన్‌లో దాన్ని దొంగలెత్తుకుపోయారు. టీవీలో పోలీసుల కార్యక్రమంలో దాని సంగతి చెప్పాల్సి వచ్చింది. కొన్నాళ్లకు ఎక్కడో వానకు తడుస్తూ దొరికింది. ఇక జన్మలో దీన్ని అమ్మనని రోరీ ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్న ఒట్టు నిలుపుకున్నాడు కూడా. కచేరీలో చొక్కా పిండితే నీళ్లు కారేంతగా చెమటోడ్చి వాయించే మనిషి. ఆ చెమటకే వార్నిష్ కరిగిపోయింది. 1995లో, 47 ఏళ్లకే రోరీ చనిపోయాడు. అప్పటినుంచీ తమ్ముడు డోనల్ ఆ గిటార్‌ని కాపాడుతూ వచ్చాడు.

సరే, పేరున్నవాడు వాయించాడు కాబట్టి ఆ ధర అనుకుందాం. మరి ఏ పేరూ లేనివాళ్లు వాయించిన 1950ల నాటి స్ట్రాటోకాస్టర్లు, టెలికాస్టర్లు కూడా లక్షల రూపాయలు పలుకుతాయెందుకు? వాటిని వెతుక్కుంటూ దేశాలు తిరిగే మనుషులకు వాటిలో ఏం వినిపిస్తుంది?

ముందుగా వినిపించేది... రొద. యాంప్లిఫయర్‌కి తగిలించి స్విచ్ వేయగానే, ఇంకా ఒక్క తీగైనా మీటకముందే, 'గుయ్‌'మని మొదలవుతుంది.

ఆ రొద ఎక్కణ్నుంచి వస్తుందో తెలియాలంటే తీగల కింద ఉండే పికప్ సంగతి తెలియాలి. స్ట్రాటోకాస్టర్‌లో మూడు పికప్‌లుంటాయి. ఒక్కోదాంట్లో ఆరు తీగలకి ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు. వాటి చుట్టూ వెంట్రుక మందాన ఉండే రాగితీగని ఇంచుమించు ఎనిమిది వేల చుట్లు చుడతారు. అంతే, పికప్ తయారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. అది కదిలితే రాగి చుట్టలో సన్నగా కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే. హైస్కూల్లో అందరూ చదువుకున్నదే. ఆ కాస్త కరెంటుని యాంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకర్‌కి పంపుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ రాగి చుట్టకి ఉక్కుతీగ కదలికకీ, గోడలో పారే కరెంటుకీ తేడా తెలీదు. వంటింట్లో మిక్సీ వేస్తే హాల్లో రేడియో బరబరమన్న రోజులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. ఇదీ అలాంటిదే. ట్యూబ్‌లైట్ చోకు, ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాను రెగ్యులేటర్ - ఇంట్లో ఉన్న ప్రతి విద్యుత్ వస్తువు గొడవా చెవినేసుకుంటుంది. ఇందులో ఓ తమాషా ఉంది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మన దేశంలో 50 సార్లు. అందువల్ల న్యూయార్క్‌లో 'గుయ్‌'మన్న గిటార్‌నే తెచ్చి విజయవాడలో తగిలిస్తే ఇంకాస్త కింది శ్రుతిలో, పాశ్చాత్య స్వరాల్లో 'జి'కి దగ్గరగా గుయ్‌మంటుంది. దేశం మారితే గిటార్ యాసా మారుతుందన్నమాట!

ఈ రోగానికి మందు ఏనాడో కనిపెట్టారు. గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేథ్ లవర్ 1955లోనే పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఒక చుట్ట బదులు రెండు చుట్టలు, ఒకదానికొకటి తలకిందులుగా. బయటి రొద రెండింట్లోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి మింగేస్తుంది. అయస్కాంతాలని కూడా తలకిందులు చేయడం వల్ల తీగ పలికే నాదం మాత్రం రెండూ కలిసి పెద్దదవుతుంది. దీనికి 'హంబకర్' అని పేరు. చక్కటి ఆలోచన. రొద నిజంగానే పోయింది.

దాంతోపాటు మరొకటీ పోయింది. రెండు చుట్టలు తీగని రెండు చోట్ల వింటాయి. రాగి ఎక్కువయ్యేకొద్దీ పై స్థాయి స్వరాల మెరుపు తగ్గుతుంది. గొంతు నిండుగా, గుండ్రంగా వస్తుంది. రాక్ సంగీతంలో దానికీ వీరాభిమానులున్నారు. కానీ ఒంటి చుట్ట, అదే సింగిల్ కాయిల్, పలికించే ఆ గాజుముక్కలాంటి తళుకు, గోరు తీగని తాకిన క్షణం వినబడే ఆ 'టింగు' అందులో ఉండవు. రొద ఎక్కణ్నుంచి వస్తోందో ఆ తళుకూ అక్కణ్నుంచే వస్తోంది. ఒకటి తీసి ఒకటి ఉంచుకుందామంటే కుదర్లేదు. రొద లేకుండానే ఆ నాదం ఇస్తామంటూ తర్వాత ఎన్నో రకాల పికప్‌లు వచ్చాయి. కొన్ని బాగానే ఉంటాయి కూడా. అయినా పాతదాని చుట్టూ తిరిగేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. వాళ్లంతా చాదస్తులేనని కొట్టిపారేయడానికి లేదు. మన తంబురాలో తీగ కింద దారప్పోగు దూర్చి కావాలనే జుమ్మనిపించరూ? ఇది కావాలని పెట్టింది కాదు, అంతే తేడా.

ఇంతకీ ఈ గిటార్ రూపొందించిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు! కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకునేవాడు. వాయించేవాళ్లని పిలిచి చేతికిచ్చి, వాళ్లేం తిడతారో విని, మళ్లీ మార్చేవాడు. అలా 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ధర 249 డాలర్ల 50 సెంట్లు. మెడ విరిగితే మరలు విప్పి ఇంకోటి బిగించుకునేలా తయారుచేశాడు. అంటే ఇది పెట్టెలో దాచుకునే వస్తువని ఆయన కలలో కూడా అనుకోలేదు. పని చేసుకునేవాడి పనిముట్టు.

ఆయన ఊహించనివి వాయించేవాళ్లు ఊహించారు. మూడు పికప్‌లకి మూడు మెట్ల స్విచ్ పెట్టాడు ఆయన. దాన్ని రెండు మెట్ల మధ్య ఇరికించి నిలబెడితే రెండు పికప్‌లు కలిసి పలికి, ముక్కుతో పాడినట్టు వింతైన నాదం వస్తోందని వీళ్లు కనిపెట్టారు. కంపెనీ ఆ సంగతి ఒప్పుకుని అయిదు మెట్ల స్విచ్ పెట్టేసరికి 1977 వచ్చింది.

1965 జనవరిలో లియో తన కంపెనీని సీబీఎస్ సంస్థకి 1 కోటీ 30 లక్షల డాలర్లకి అమ్మేశాడు. పాత గిటార్ల బజారులో 'ప్రీ సీబీఎస్' అన్న మాటకి మంత్రంలాంటి విలువ. ఆ తేదీకి ముందు తయారైనవి బంగారం, తర్వాతవి ఇత్తడి అని ఒక లెక్క. తర్వాత్తర్వాత నాణ్యత తగ్గిన మాట నిజమే. కానీ ముందువన్నీ అద్భుతాలన్నది మాత్రం అమ్మేవాళ్లు చెప్పే మాట. ఆ రోజుల్లో పని చేతిమీద సాగేది. ఒకటి బ్రహ్మాండంగా కుదిరితే పక్కది చప్పగా ఉండొచ్చు.

ఆ చేతుల్లో రెండు చేతులు అబిగైల్ ఇబారావి. 1956లో ఫెండర్ ఫ్యాక్టరీలో చేరి, తన కెరీర్‌లో లెక్కలేనన్ని పికప్‌లు చుట్టింది ఆవిడ. తిరిగే యంత్రం మీదికి రాగితీగని వేళ్లతో నడిపిస్తూ చుట్టేది. తెగకుండా, బిగియకుండా, వదులవకుండా. మరమనిషి చుట్టినట్టు వరస తప్పకుండా ఉండదది. ఆ కాస్త ఎగుడుదిగుడులోనే నాదమంతా ఉందని అభిమానుల నమ్మకం. తర్వాతి కాలంలో ఆవిడ చుట్టి పేరులోని తొలి అక్షరాలు రాసిన పికప్‌ల కోసం జనం ఎగబడ్డారు. ఆవిడ రిటైరయింది 2013లో. కోట్లు పలికే గిటార్ల కథల్లో, ఆ కూలిపని చేసిన వేళ్ల ప్రస్తావన ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండేది.

1970లో ఎరిక్ క్లాప్టన్ అమెరికాలోని నాష్‌విల్‌లో ఓ దుకాణంలోకి వెళ్తే పాత స్ట్రాటోకాస్టర్లు కారుచవగ్గా దొరికాయి. ఎవరూ అడగని సరుకు మరి! ఉన్నవన్నీ కొనేసి, మూడింటిని స్నేహితులకి పంచాడు. వాళ్లలో బీటిల్స్ జార్జ్ హారిసన్ ఒకడు. మిగతా మూడింటిని విప్పి, బాగున్న భాగాలు ఏరి ఒకటి చేసుకున్నాడు. అదే 'బ్లాకీ'. 2004లో న్యూయార్క్ వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. ఆ డబ్బు ఆంటిగువాలో ఆయన పెట్టిన వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్లింది. 2019లో పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 39 లక్షల 75 వేల డాలర్లకి వెళ్లింది. దాని మెడలూ పికప్‌లూ ఆయన ఎన్నిసార్లు మార్చాడో! మామూలు వాళ్ల పాత గిటార్‌కి ఒక్కసారి కొత్త రంగు వేయిస్తే మాత్రం ధర సుమారు సగానికి పడిపోతుంది. సోల్డరింగ్ కదిలించినా తగ్గించేస్తారు. న్యాయమంటే ఇదేనా అని అడిగేవాళ్లు లేరు.

ధరలు ఇలా పెరిగాక జరిగిందేమిటంటే, పాత గిటార్ వాయించేవాడి చేతి నుంచి జారిపోయింది. రేటు పెరిగేకొద్దీ బయటికి తీయడానికే భయం. చెమట తగిలితే నష్టం, ఫ్రెట్లు అరిగితే నష్టం. ఇంకోవైపు 1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త గిటార్లని కావాలని గీకి, కొట్టి, తుప్పు పట్టించి 'రెలిక్' పేరుతో అమ్ముతోంది. రోరీ గిటార్‌కీ అలాంటి నకలు వచ్చింది. ఎవరో ముప్పయ్యేళ్లు కార్చిన చెమట మరకల్ని కొత్త కర్ర మీద అచ్చుగుద్దినట్టు దింపారు. పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ కొత్త చీరని చిరుగులతో నేయించుకున్నట్టు లేదూ?

లండన్ వేలంలో రోరీ గిటార్ కొన్నది ఐరిష్ కచేరీల నిర్వాహకుడు డెనిస్ డెస్మండ్. తన ఇంట్లో పెట్టుకోవడానికి కాదు, ఐర్లాండ్ నేషనల్ మ్యూజియానికి ఇవ్వడానికి. ఎవరి ఇనప్పెట్టెలోకో వెళ్లకుండా సొంత దేశానికి చేరుతుందని అక్కడి అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు.

వాయించాలని సరదా ఉన్నవాళ్లకి దారి లేకపోలేదు. ఫెండర్ వాళ్లదే 'స్క్వయర్' అనే చౌక రకం 1982 నుంచీ ఉంది. 1950లు, 60ల నమూనాలు అందులోనూ దొరుకుతాయి. కొనేముందు పికప్‌లో ఉన్నవి ఆల్నికో అయస్కాంతాలేనా అని అడగాలి. మరీ చౌకవాటిలో ఉత్త ఇనప పుల్లలు పెట్టి కింద సిరామిక్ అయస్కాంతం అతికిస్తారు. దాని గొంతు వేరు. ఇంటికి తెచ్చి తగిలించగానే గుయ్‌మంటే పాడైపోయిందని దుకాణానికి పరిగెత్తకండి. ముందు గదిలో పాత ట్యూబ్‌లైట్ ఉంటే ఆర్పి చూడండి. అప్పటికీ తగ్గకపోతే యాంప్లిఫయర్‌కి రెండడుగులు దూరం జరిగి, నెమ్మదిగా పక్కకి తిరగండి. ఏదో ఒక కోణంలో రొద సన్నగిల్లుతుంది. స్టేజీ మీద పెద్ద పెద్దవాళ్లు తిరిగేదీ కొంత అందుకే. మనం స్టైలనుకుంటాం!