గీజర్ నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయా? రిపేరు ఖర్చు ఎవరిదో ఒక బకెట్‌తో తేల్చుకోవచ్చు

చలికాలం వచ్చిందంటే అద్దె ఫ్లాట్లలో ఒక పంచాయితీ మొదలవుతుంది. గీజర్ పనిచేస్తుంది, నీళ్లూ వేడెక్కుతాయి. కానీ ట్యాప్ తిప్పితే సన్నటి ధారే వస్తుంది. బకెట్ నిండేలోపు సగం వేడి పోతుంది. ఇంటి ఓనర్‌కు ఫోన్ చేస్తే ‘వాడుకునేది మీరే కదా, మీరే చేయించుకోండి’ అంటారు. ప్లంబర్ వచ్చి చూసి ‘గీజర్ మార్చేయాలి సార్’ అంటాడు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడిగితే ‘మిగతా ఫ్లాట్లలో బాగానే వస్తున్నాయే’ అని తేల్చేస్తారు.

ముగ్గురూ ఎవరికి వారు తప్పుకోవడానికి కారణం ఒకటే. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఎవరూ చూడలేదు. అది తెలిస్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. ప్లంబర్‌ను పిలిచే ముందు పది నిమిషాలు వెచ్చిస్తే మీరే తెలుసుకోవచ్చు.

గీజర్ ట్యాంకు నిజంగా ‘ఖాళీ’ అవుతుందా?

వేడినీళ్లు వాడేశాక ట్యాంకు ఖాళీ అయి, మళ్లీ మెల్లగా నిండుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు స్టోరేజ్ గీజర్ అలా పనిచేయదు. అందులో ఎప్పుడూ నిండుగా నీళ్లుంటాయి. మీరు ట్యాప్ తిప్పగానే చన్నీళ్లు ట్యాంకు అడుగున చేరి, పైన ఉన్న వేడినీళ్లను బయటికి తోస్తాయి. లోపలికి ఎంత వస్తే బయటికి అంతే వెళ్తుంది.

కాబట్టి ధార సన్నగా ఉందంటే రెండే కారణాలు. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి తక్కువైనా ఉండాలి, గీజర్‌కు ముందో లోపలో తర్వాతో ఏదైనా అడ్డుపడి అయినా ఉండాలి.

ధార బాగానే ఉండి వేడెక్కడమే ఆలస్యమైతే అది వేరే సమస్య. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2 కిలోవాట్ల గీజర్‌కు సుమారు 21 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లకైతే 35 నిమిషాలు. వోల్టేజీ 230 నుంచి 180కి పడిపోతే 21 నిమిషాల పని 34 నిమిషాలవుతుంది. అంతకు మించి ఆలస్యమవుతుంటే పిలవాల్సింది ప్లంబర్‌ను కాదు, ఎలక్ట్రీషియన్‌ను.

బకెట్ పరీక్ష ఇలా చేయండి

ఉదయం గీజర్ వేయకముందే, లోపలి నీళ్లు చల్లగా ఉన్నప్పుడే చేయండి. స్విచ్‌తో పాటు గీజర్ ఎంసీబీ కూడా ఆపేయండి.

1. బాత్రూమ్ ట్యాప్‌లో చన్నీళ్ల వైపు మాత్రమే పూర్తిగా తిప్పి, 10 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో ఫోన్‌లో చూసుకోండి.
2. అదే ట్యాప్‌లో వేడినీళ్ల వైపు తిప్పి మళ్లీ చూడండి.
3. అదే గీజర్ నుంచి వాష్‌బేసిన్‌కో షవర్‌కో లైన్ ఉంటే అక్కడా చూడండి.
4. వీలైతే మీ పైన, కింద ఫ్లాట్ల వాళ్లను చన్నీళ్ల సమయం ఒక్కటి చూసి చెప్పమనండి.

ఫలితం ఏం చెబుతుంది?

చన్నీళ్లు, వేడినీళ్లు రెండూ అన్నిచోట్లా సన్నగానే వస్తుంటే తప్పు గీజర్‌ది కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం, అక్కడి గేట్ వాల్వ్, కిందికి దిగే పైపు చూడాలి. అది అసోసియేషన్ పని. అయితే మీ ఒక్క ఫ్లాట్‌లోనే అలా ఉంటే మీ ఫ్లాట్‌లోకి వచ్చే వాల్వ్‌నో, లోపలి పైపులనో అనుమానించాలి.

చన్నీళ్లు జోరుగా, వేడినీళ్లు ఒక్క ట్యాప్‌లోనే సన్నగా వస్తుంటే ఆ మిక్సర్‌లోనో, ట్యాప్ మూతి దగ్గరి జాలీలోనో ఇసుక, సున్నం చేరి ఉంటాయి. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

చన్నీళ్లు జోరుగా, వేడినీళ్లు అన్ని ట్యాపుల్లోనూ సన్నగా వస్తుంటే గీజర్ లైన్‌లోనే అడ్డు ఉన్నట్టు. ముందుగా గీజర్ కింద గోడకున్న యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉందా, కనెక్షన్ పైపు మడతపడిందా చూడండి. ఆ తర్వాత చన్నీళ్లు గీజర్‌లోకి వెళ్లేచోట ఉండే వాల్వ్. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఈ వాల్వ్‌లో ఇసుక పట్టేస్తుంది. చివరి అనుమానం ట్యాంకులోని సున్నం. కాక్, పైపు మడత మీరే చూడొచ్చు. వాల్వ్, ట్యాంకు విప్పే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

నీళ్లు దగ్గుతున్నట్టు ఆగి ఆగి వస్తుంటే లైన్‌లో గాలి చేరింది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకసారి ఖాళీ అయి నిండాక ఇలా జరుగుతుంది. గీజర్ ఆపి, వేడినీళ్ల ట్యాప్‌ను ధార నిలకడగా వచ్చేదాకా వదలండి. ట్యాప్‌లో నీళ్లు రాని సమయంలో గీజర్ అసలు వేయొద్దు. లోపల నీళ్లు లేకుండా కాయిల్ వేడెక్కితే కాలిపోతుంది.

పై అంతస్తు వాళ్లకే ఈ బాధ ఎందుకు?

మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి నీళ్లు సంపు నుంచి మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి తమ బరువుతోనే కిందికి దిగుతాయి. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకుకు 15 మీటర్ల కింద ఉన్న ఫ్లాట్‌కు 1.5 బార్ అందితే, 3 మీటర్ల కింద ఉన్న పై అంతస్తు ఫ్లాట్‌కు 0.3 బారే అందుతుంది. కింది ఫ్లాట్‌లో ఎవరూ పట్టించుకోని కొద్దిపాటి సున్నం పై ఫ్లాట్‌లో ధారను సగం చేసేస్తుంది. ‘మిగతా ఫ్లాట్లలో బాగానే ఉంది’ అన్న మాట పూర్తి జవాబు కాకపోవడానికి కారణం ఇదే.

ప్రెషర్ పంపు పెట్టిస్తే ఫలితం ఉంటుంది. అయితే గీజర్ మీది లేబుల్‌లో ఎన్ని బార్ల వరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, ముందు అది చూడాలి. గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని మూసేయడం మాత్రం ప్రమాదం.

అసలు నేరస్థుడు బోరు నీళ్లా?

హైదరాబాద్‌లో జలమండలి ఇచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు చాలా అపార్ట్‌మెంట్లలో అవసరాలకు చాలవు. మిగతాది బోరు, ట్యాంకర్. అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే వేడి చేసినప్పుడు సున్నంలా పేరుకుంటాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కొత్త గీజర్ పెట్టినా వచ్చే నీళ్లు అవే కాబట్టి మళ్లీ సున్నం పట్టక తప్పదు. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పకుండా ఉంచితే పేరుకునే వేగం కొంత తగ్గుతుంది.

సంపులోకి జలమండలి నీళ్లే సరిగా రావడం లేదంటే 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. సంపు దాటాక పంపిణీ అంతా అపార్ట్‌మెంట్ బాధ్యతే.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం రిపేర్లను రెండు జాబితాలుగా విడగొట్టింది. అవసరమైనప్పుడు పైపులు మార్చడం, లోపలి, బయటి విద్యుత్ వైరింగ్ ఓనర్ ఖాతాలో ఉన్నాయి. ట్యాప్ వాషర్లు, వాష్‌బేసిన్, స్విచ్‌లతో పాటు ‘గీజర్ రిపేర్లు’ అద్దెదారు ఖాతాలో ఉన్నాయి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. ఓనర్ తన వంతు రిపేరు చేయకపోతే అద్దెదారు చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ఒక నెలలో సగం అద్దెకు మించకూడదు.

అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు 2017లో చేసిన అద్దె చట్టం ఉంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నా, 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. నేటి హైదరాబాద్ ఫ్లాట్లలో ఆ లోపు అద్దె ఎక్కడుంది? అంటే ఆచరణలో మీకు దిక్కు మీ ఒప్పంద పత్రం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం.

ఆ పాత చట్టంలోని 108వ సెక్షన్‌లో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఓనర్ చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయకపోతే అద్దెదారు చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి కానీ, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. సున్నం పట్టిందన్న పేరుతో అడ్వాన్స్‌లో కోత పెడితే ఈ రెండో మాటే మీ వాదన.

కొత్త అపార్ట్‌మెంట్ అయితే ఇంకో దారి ఉంది. ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు పనితనంలో, సేవల్లో లోపం బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. పైపులు నాసిరకంగా వేసి ఉంటే ఇది పనికొస్తుంది. కానీ బిల్డర్‌ను అడగాల్సింది మీరు కాదు, ఫ్లాట్ కొన్న ఓనర్.

చిక్కు ఎక్కడుంది?

జాబితాలో ‘గీజర్ రిపేర్లు’ అని రాసినంత తేలిక కాదు జీవితం. బోరు నీళ్లు వాడాలన్నది, సాఫ్ట్‌నర్ పెట్టాలా వద్దా అన్నది ఓనర్లు, అసోసియేషన్ తీసుకునే నిర్ణయం. దాని ఫలితంగా పట్టే సున్నం మాత్రం అద్దెదారు రిపేరు పద్దులో పడుతోంది. 11 నెలల ఒప్పందంతో చేరినవాళ్లు అంతకుముందు నాలుగేళ్లుగా పేరుకున్న సున్నానికి కూడా డబ్బు కట్టాల్సి వస్తోంది.

దీనికి విరుగుడు రాతలోనే ఉంది. బకెట్ పరీక్ష చేస్తూ వీడియో తీసి, సమయాలతో సహా ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. ‘చన్నీళ్లు నిమిషంలో, వేడినీళ్లు నాలుగు నిమిషాల్లో నిండుతున్నాయి, ఫలానా తేదీలోగా మెకానిక్‌ను పంపండి’ అని స్పష్టంగా రాయండి. మెకానిక్ వచ్చాక ట్యాంకులోంచి తీసిన సున్నాన్ని ఫొటో తీసి, బిల్లులో కారణం రాయించుకోండి.

కొత్త ఇంట్లో చేరుతున్నవాళ్లు తాళాలు తీసుకునే రోజే ఈ పరీక్ష చేయడం మంచిది. వేడినీళ్ల బకెట్ ఎంతసేపట్లో నిండిందో, గీజర్‌లో సున్నం తీయించే ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించుకోండి. సంతకాలకు ముందు ఆ రెండు వాక్యాలకు ఓనర్ ఒప్పుకోవడం తేలిక. డిసెంబర్‌లో గీజర్ మొరాయించాక ఒప్పించడం కష్టం.