తీరిక ఎవరికుంది?

క్రోషియా నేర్పుదామా, ఊలు అల్లిక నేర్పుదామా? ఉప్పలగుప్తంలాంటి చోట ఆడపిల్లలకు ఏదైనా 'హాబీ' నేర్పాలనుకున్నప్పుడల్లా మన సంస్థల్లో ఈ ప్రశ్న వస్తుంది. కోనసీమ ఉక్కలో స్వెట్టర్లెందుకని అందరూ క్రోషియావైపే మొగ్గుతారు. దానికి చెప్పే రెండో కారణంతోనే నాకు పేచీ: "ఇంటిపని మధ్యలో, తీరిక వేళల్లో చేసుకోవచ్చు" అంటారు.

చేసుకోవచ్చు, నిజమే. ఊలు అల్లికలో వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. సూది జారితే అల్లిక విడిపోతుంది. క్రోషియాలో సాధారణంగా కొక్కెం మీద మిగిలేది ఒకే ఉచ్చు. అన్నం పొంగినా, పిల్లాడు ఏడ్చినా పక్కన పెట్టి లేవొచ్చు. ఇంకో తేడా కూడా ఉంది. ఊలు అల్లికకు 1589లోనే ఇంగ్లండులో విలియం లీ యంత్రం కనిపెట్టాడు. బజారులో దొరికే క్రోషియా మాత్రం నేటికీ చేతిపనే, అదీ ఎక్కువగా ఆడవాళ్ల చేతిపనే.

ఆ చేతులకు దక్కిందేమిటి? వశిష్ట గోదావరి దాటితే నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అక్కడ ఎగుమతి పరిశ్రమ అయింది. ఆ పరిశ్రమను అధ్యయనం చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ పుస్తకం 1982లో వెలువడింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే స్త్రీలను 'ఇల్లాళ్లు' అనీ, వాళ్ల శ్రమను 'తీరిక పని' అనీ అనడం వల్లే కూలిని అంత అడుగున ఉంచగలిగారని ఆమె నిరూపించారు. లాభం వ్యాపారులకు పోయింది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు సరుకుకు వచ్చింది. అల్లిన మనిషి సంగతేమిటి? ఇళ్లలో ఉండి పనిచేసేవారిని ఇతర కార్మికులతో సమానంగా చూడాలనే 177వ ఒడంబడికను అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

సరదాగా అల్లుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. తనకోసం తాను గడుపుకునే గంట కూడా స్త్రీ హక్కే. అయితే దళారి దారం ఇచ్చి, కొలత చెప్పి, గడువు పెట్టి, ముక్కకింత అని కట్టాక దాన్ని ఇక హాబీ అనడం మోసం. అది కూలిపని.

కాబట్టి క్రోషియానా, ఊలా అన్నది పిల్లల ఇష్టానికి వదిలేద్దాం. మన కేంద్రాల్లో సూదితోపాటు లెక్క కూడా నేర్పుదాం: ఒక్కో ముక్కకు ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటలకు కనీస వేతనం ప్రకారం ఎంత రావాలి, చేతికెంత వచ్చింది. ఆ లెక్క రాసిన పుస్తకంతో స్త్రీలు పదిమందీ కలిసి దళారి ముందు నిలబడాలి. కార్మికశాఖ ముందు కూడా.