రోష్నీకి పర్దా

"భాయ్, ఏ సాఫ్ట్‌బాక్స్ తీసుకోమంటావు?"

షాదీల సీజన్ దగ్గర పడితే చాలు, నాకు ఈ సవాల్ మొదలవుతుంది. కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్లు అడుగుతారు. నా జవాబ్ వాళ్లకు నచ్చదు. "నువ్వు తీయాల్సింది ఒక్క చెహ్రానా, మూడు తరాలనా? అది ముందు చెప్పు" అంటాను. కంపెనీ పేరు, ధర చెబుతాననుకున్నవాడు మొహం ముడుచుకుంటాడు. నేనెందుకు అలా అడుగుతానో తెలియాలంటే నా గలతీ ఒకటి చెప్పుకోవాలి.

మా చెల్లెలి నికాహ్. జనానా వైపు బయటి ఫోటోగ్రాఫర్ వద్దంది అమ్మీ. "ఇంటి ఆడవాళ్లమే ఉంటాం, నువ్వే తీయి బేటా" అంది. అప్పుడే కొన్న 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ నా దగ్గరుంది. లైట్ దగ్గరగా పెడితే రోష్నీ మెత్తగా ఉంటుందని ఎక్కడో చదివాను. దుల్హన్‌కు సరిగ్గా మీటరు దూరంలో పెట్టాను. వెనక కుర్చీలో నానీమా. వణికే చేయి మనవరాలి తల మీద పెట్టి దుఆ చేస్తోంది. తీశాను. కెమెరా తెర మీద చెల్లెలు పున్నమి చాంద్‌లా ఉంది. నేను ఖుష్.

రెండు నెలలకు నానీమా ఇంతెఖాల్ చేసింది. ఆ ఫోటో పెద్దది చేయించాలని తీస్తే, అందులో దుల్హన్ ఉంది, నానీమా లేదు. ఉన్నది ఒక సాయా. కంప్యూటర్లో వెలుగు పెంచితే ఆ చెహ్రా అంతా ఇసుక చల్లినట్టయింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా అమ్మీ ఒకటే మాట అంటుంది: "ఇందులో మా అమ్మ ఎక్కడరా?"

జరిగింది చిన్న లెక్క. లైట్ నుంచి దూరం రెట్టింపైతే రోష్నీ సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మీటరు దూరంలో ఉన్న చెల్లెలికి నిండుగా పడ్డ వెలుగు, రెండో మీటరులో ఉన్న నానీమాకు పావు వంతే చేరింది. అదే లైట్‌ను మూడు మీటర్లు వెనక్కి జరిపి ఉంటే? చెల్లెలు నాలుగు మీటర్లలో, నానీమా అయిదు మీటర్లలో. అప్పుడు నానీమాకు దాదాపు మూడింట రెండు వంతులు అందేది. చెహ్రా కనబడేది.

"మరి దూరం జరిపితే రోష్నీ గట్టిపడుతుంది కదా భాయ్?" సహీ సవాల్. మెత్తదనం డబ్బా పేరులో ఉండదు. మనిషి ఉన్నచోటు నుంచి చూస్తే లైట్ ఎంత పెద్దగా కనబడుతుందో, అంత మెత్తగా ఉంటుంది. సూరజ్ ఎంత పెద్దదైనా దూరం వల్ల చిన్న బిళ్ల, అందుకే దుపహర్ నీడలు కత్తిలా ఉంటాయి. అంటే దూరం జరిపితే లైట్ సైజు పెంచాలి. 60 సెంటీమీటర్ల డబ్బా అక్కడ చాలదు, 150 సెంటీమీటర్ల అంబ్రెల్లా కావాలి. తాకత్ కూడా కావాలి. మీటరు నుంచి నాలుగు మీటర్లకు వెళితే రోష్నీ పదహారో వంతుకు పడిపోతుంది. ఐఎస్ఓ 400 నుంచి 1600కు పెంచితే నాలుగు రెట్లు తిరిగొస్తుంది. మిగతా నాలుగు రెట్లు ఫ్లాష్ పవర్ పెంచి, అదీ చాలకపోతే రెండో ఫ్లాష్ కలిపి తెచ్చుకోవాలి.

అందుకే నా రాయ్ ఇది. మన షాదీల్లో ఫోటో అంటే ఖాందాన్. కాబట్టి మొదటి కొనుగోలు పెద్ద తెల్ల అంబ్రెల్లా, గట్టి స్టాండ్. చవక, మడిస్తే చంకలో పడుతుంది. ఐబ్ లేదని కాదు. వెలుగును గది అంతా చిమ్ముతుంది, బయట గాలికి తెరచాప అవుతుంది. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచీ వేయకపోతే ఎవరి నెత్తినో పడుతుంది. సాఫ్ట్‌బాక్స్ రెండోది. దుల్హన్ ఒక్కదాన్నే తీసేటప్పుడు, వెనక గోడ మీద వెలుగు పడొద్దనుకున్నప్పుడు దానికి గ్రిడ్ తగిలించి వాడండి, బేమిసాల్. జర్దోజీ పని, నగల మెరుపు చూపించాలంటే కొంచెం గట్టి రోష్నీయే కావాలి. మెత్తదనమే అన్నిటికీ దవా అనేవాళ్ల మాట నమ్మకండి.

ఫ్లాష్ తలకు తొడిగే ప్లాస్టిక్ టోపీ? చిన్న గదిలో దాని వెలుగు గోడలకు తగిలి తిరిగొస్తుంది, ఆ పని చేసేది గోడలు. ఆరుబయట తిరిగొచ్చే గోడ లేదు. అక్కడ ఆ టోపీ చేసేది బ్యాటరీ తాగడమే.

కప్పుకు కొట్టి బౌన్స్ చేయడం మంచి పద్ధతే, ముఫ్త్ కూడా. కానీ ముందు తల ఎత్తి చూడండి. తెల్ల కప్పయితే అల్‌హమ్దులిల్లాహ్. ఎర్ర షామియానా అయితే అందరూ ఎర్రబడతారు, ఆకుపచ్చ సున్నమయితే అందరూ కామెర్ల రోగులవుతారు. పైనుంచి ఆకుపచ్చ, పక్కనుంచి బల్బుల పసుపు పడితే వైట్ బ్యాలెన్స్ ఒకదాన్ని సరిచేసి ఇంకోదాన్ని చెడగొడుతుంది.

అప్పుడు ఆల్బమ్ చేసేవాడు ఏం చేస్తాడు? రంగు కుదరక అందర్నీ తెల్లగా చేసేస్తాడు. నాకు అసలు గుస్సా ఇక్కడే. సాంవ్లీ పిల్లను గోధుమ పిండిలో ముంచినట్టు చేసి, "బాగొచ్చింది కదా అమ్మా" అంటాడు. ఆ పిల్ల నవ్వుతుంది, లోపల ఏమనుకుంటుందో ఎవరడిగారు? చామనఛాయ చెహ్రాకు తెల్ల సున్నం అక్కర్లేదు. పక్కనుంచి, పెద్ద సైజులో వచ్చే రోష్నీ కావాలి. చిన్న ఫ్లాష్ ఎదురుగా కొడితే నుదుటి చెమట మీద తెల్ల మచ్చ పడుతుంది, మిగతాది నల్లబడుతుంది. పెద్ద అంబ్రెల్లా పక్కనుంచి పెట్టండి. అదే చర్మం మీద మెరుపు చెంప నుంచి దవడ దాకా నెమ్మదిగా జారుతుంది. ఆ రంగు ఆ రంగులాగే ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. ఇది షౌక్ మాట కాదు, ఇన్సాఫ్ మాట.

మన హైదరాబాద్‌కు ఇది కొత్తేమీ కాదు. ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం ఇక్కడ జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించారు. ఎదుటి మనిషి ఇజ్జత్ ముందు, తస్వీర్ తర్వాత అన్నమాట. ఆ కాలం స్టూడియోల్లో ఎండను అద్దాల కప్పు గుండా రానిచ్చి, బట్ట తెరలు లాగుతూ సర్దుకునేవారు. మన సాఫ్ట్‌బాక్స్ కూడా ఆ తెరే. రోష్నీకి వేసే పర్దా.

కాబట్టి తమ్ముళ్లూ, షాప్‌కు వెళ్లేముందు ఒకసారి షాదీఖానాకు వెళ్లండి. కప్పు రంగు చూడండి, గది లోతు అడుగులతో కొలవండి. ఖాందాన్‌లో అందరికన్నా పెద్దవాళ్లు ఎవరో, ఎక్కడ కూర్చుంటారో అడిగి తెలుసుకోండి. లైట్ ముందు వాళ్ల చెహ్రాకు సరిపోయేలా పెట్టుకోండి. దుల్హన్‌ను ఆ రోజు వందమంది ఫోన్లలో తీస్తారు. వెనక కుర్చీలో ఉన్న నానీమాను తీసేది మీరొక్కరే కావచ్చు.