ఖిబ్లా గీత, విమానపు దారి

ఉమ్రా ముగించుకొని వచ్చిన ఒక యువకుడు ఇటీవల మా నారాయణఖేడ్‌లో తన తండ్రి జానమాజును కాస్త కుడివైపునకు జరిపాడు. నలభై ఏళ్లుగా నేరుగా పడమరకే నిలిచిన ఆ పెద్దాయన తడికళ్లతో నా వద్దకు వచ్చారు. “మౌలానా సాబ్, ఇన్నాళ్ల నమాజులు వృథాయేనా?”

పటం పరచాను. మనం 18వ అక్షాంశం వద్ద ఉన్నాము. మక్కా 21 దాటి ఉత్తరాన ఉంది. పటంపై స్కేలు పెట్టి గీస్తే గీత పడమర నుండి 5 డిగ్రీలే ఉత్తరానికి ఒరుగుతుంది. కాని భూమి పటం వలె బల్లపరుపు కాదు. గ్లోబుపై దారం బిగించి పట్టితే, మన ఊరి వద్ద అది సుమారు 12 డిగ్రీలు ఒరిగి బయలుదేరుతుంది. అతి దగ్గరి దారి అదే, ఖిబ్లా గీత కూడా అదే. హైదరాబాదు నుండి జిద్దాకు విమాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు అనేది ఈ దారపు కొలతే. (గాలులను, గగనతల హద్దులను బట్టి విమానం కొంత చుట్టు తిరగడం వేరే సంగతి.) వేయి సంవత్సరాల క్రితమే అల్ బిరూనీ గజ్నీ నగరపు ఖిబ్లాను ఇటువంటి గోళ గణితంతోనే నిర్ణయించాడు.

కనుక అబ్బాయి లెక్క సరైనదే. అయితే కాబాకు దూరాన ఉన్నవారికి ఆ దిక్కు చాలునని, 45 డిగ్రీల లోపు తేడా నమాజును భంగపరచదని మన హనఫీ ఫిఖహ్ చెబుతున్నది. ఆ మాట విన్నాక ఆయన ముఖం తేటపడింది. జానమాజును మాత్రం కుమారుడు జరిపినట్లే ఉంచమన్నాను.

“ఉంచుతాను. వాడు ముందు నాతో ఒక్క మాట అనవలసింది” అన్నారాయన.