పాత కారు విప్పండి, బ్రేకుతో మాత్రం ప్రయోగాలు వద్దు

మన పల్లెల్లో చింతచెట్టు కిందనో, గొడ్లచావిడి పక్కనో టార్పాలిన్ కప్పుకొని ఉన్న పాత అంబాసిడర్ కారు ఇప్పటికీ అక్కడక్కడ కనబడుతూనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. తయారీ నిలిచిపోయినా మోజు తీరలేదు. పట్నంలో ఎవరో వదిలించుకున్న బండిని కొద్ది ధరకు తెచ్చుకుని, ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకుందామని ఉబలాటపడే యువకులు మన మధ్యనే ఉన్నారు.

పెద్దలు వీరిని చూసి నవ్వుతుంటారు. "పాత ఇనుము కొట్టుకు వెయ్యక ఈ తద్దినం ఎందుకురా?" అని మందలిస్తుంటారు. ఈ మందలింపు సబబు కాదు. ఎందుకంటే, పాత కారు ఏ విషయాన్నీ దాచుకోదు. అందులో కంప్యూటర్ లేదు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. పెట్రోలు ఇంజను నడవాలంటే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ సమయానికి అందాలి, సిలిండర్‌లో కంప్రెషన్ ఉండాలి. ఆయిలింజను విప్పి బిగించిన రైతుకు ఇందులో సగం చదువు ముందే వచ్చు. పానాల సెట్టు, స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజి, ఓపిక ఉంటే మిగతా సగం వస్తుంది.

మా ఊళ్లో ఒక రైతు కొడుకు ఈ పని పద్ధతిగా చేస్తున్నాడు. విప్పిన ప్రతి నట్టునూ విప్పిన వరుసలోనే పాత చీర మీద పేర్చుతాడు. ఏ తీగ ఎక్కడిదో నోటుపుస్తకంలో బొమ్మ గీసుకుంటాడు. బండి స్టార్టు కాకపోతే కనబడినదల్లా విప్పడు. ముందు ప్లగ్గులో రవ్వ వస్తున్నదా, తరువాత కార్బురేటర్‌కు పెట్రోలు అందుతున్నదా అని చూస్తాడు. డెల్కో మూత తీసి పాయింట్ల మసి తుడిచి, సందు 0.015 అంగుళం, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు ఉండేటట్లు సరిచేస్తాడు. ప్లగ్గు తీగలు పీకే ముందు గుర్తులు పెడతాడు. 1-3-4-2 వరుస తప్పితే ఇంజను దగ్గుతుందేగాని నడవదు. ఆయిలు మార్చడం, ఫిల్టరు శుభ్రపరచడం, ఫ్యాన్ బెల్టు వెయ్యడం వంటి పనులు కొత్తవారెవరైనా నేర్చుకోదగ్గవే. పొరపాటు జరిగితే బండి కదలదు, అంతే. అందువల్ల ఎవరికీ ప్రాణహాని లేదు.

బ్రేకు సంగతి అలా కాదు. బ్రేకులో పొరపాటు జరిగితే బండి కదులుతుంది, ఆగదు. పాత అంబాసిడర్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే గొట్టం వరుస. ఎక్కడ ఒక్కచోట కారినా నాలుగు చక్రాలూ పట్టు వదిలేస్తాయి. బ్రేక్ ఆయిలు తగ్గిందని చేతికందిన ఇంజనాయిలో, కిరోసినో పోసేవారు ఉన్నారు. అది పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. ఆ రోజు బాగానే ఉన్నట్లుంటుంది, తరువాత నడిరోడ్డు మీద మోసం చేస్తుంది. గొట్టంలో గాలి చేరితే పెడలు మెత్తగా దిగిపోతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి, వరుస తెలియాలి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకుండా ఉండాలంటే, బ్రేకు, స్టీరింగు పనులు మొదటిసారి తెలిసిన మెకానిక్కు పక్కన కూర్చునే చేయాలి. ఆయనకు ఇచ్చే కూలి దండగ కాదు, అది గురుదక్షిణ.

జాకీ విషయంలోనూ మనవారి నిర్లక్ష్యం ఇంతింత కాదు. బండితో వచ్చే జాకీ చక్రం మార్చడానికే గాని, కిందికి దూరడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు చెప్పకుండా పగులుతాయి. గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, మిగిలిన చక్రాలకు అడ్డు వేసి, బండిని ఊపి చూసిన తరువాతే కిందికి దూరాలి. బ్యాటరీ దగ్గర బీడీ కాల్చరాదు. దాని తీగలు విప్పేటప్పుడు బాడీకి ఎర్తు అయిన తీగను ముందు తీయాలి. కాగుతున్న రేడియేటర్ మూత తెరవరాదు. తలుపులు మూసిన పాకలో ఇంజను నడపరాదు, ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెట్రోలును నోటితో పీల్చి తీసే అలవాటు మానుకోవాలి. పాత బ్రేకు లైనర్ల దుమ్మును నోటితో ఊదరాదు. వాటిలో ఉండే ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు చేటు.

"నా కారు, నా ఇష్టం" అనేవారికి ఒక్క మాట. పల్లెలో కారు ఒక్కరిది కాదు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా, 108 వచ్చేలోగా జనం తలుపు తట్టేది కారున్న ఇంటినే. అయిదుగురు ఎక్కవలసిన చోట ఎనిమిదిమంది ఎక్కుతారు. వారెవరికీ బ్రేకు బిగించినది ఎవరో తెలియదు. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే నాటి తనిఖీని కాగితాల తంతుగా చూడరాదు. మన పనిలో లోపం ఉంటే మరొకరి కంటికి దొరికే అవకాశం అది.

కార్బురేటర్, పాయింట్లు తెలిసిన పాత మేస్త్రీలు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇంకా ఉన్నారు. వయసు మీద పడిన ఆ చేతులతో పాటే విద్య కూడా పోనివ్వరాదు. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్కు కోర్సు రెండేళ్లు. వ్యవసాయం వదిలి అంతకాలం చదవడం అందరికీ సాధ్యం కాదు. కనుక ఐ.టి.ఐ. అధికారులు నెలకొక ఆదివారం ఇటువంటి మేస్త్రీలను పిలిపించి, పల్లె యువకులకు బ్రేకు, స్టీరింగు, జాకీ పనులైనా చేతితో చేయించి చూపితే ఎంతో మేలు. పంచాయతీ పెద్దలు ఈ విషయమై చొరవ తీసుకోవాలి. అంతవరకు మన యువకులు ఇంజను తామే విప్పుకోవచ్చు. బ్రేకు మాత్రం తెలిసినవారికి చూపించి, ఊరి బయట ఖాళీ బాటలో నెమ్మదిగా నడిపి సరిచూసుకున్న తరువాతే ఆ కారులో మనుషులను ఎక్కించుకోవాలి.